పన్నెండు నరాల పాట

అప్పుడు నేను ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. నాన్న ట్రాక్ సింగర్, అంటే పెద్ద గాయకులు వచ్చేముందు ట్యూన్ పాడి చూపించే మనిషి. సినిమా విడుదలయ్యేదాకా ఆ ట్యూన్ బయట వినిపించకూడదు. నాన్న ఇంట్లో సాధన చేస్తుంటే మాత్రం నాకు వచ్చేసేది.

మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల నరాల పేర్లు ఎంత బట్టీ పట్టినా నిలవలేదు. నాన్న ఆ వారం పాడుతున్న ట్యూన్‌లో పెట్టుకున్నాను. ఒక్క పూటలో వచ్చేశాయి. కాలేజీలో పాడితే స్నేహితురాలు ఫోన్లో తీసి క్లాసు గ్రూపులో పెట్టింది. నేనూ మురిసిపోయాను. అది అక్కడితో ఆగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం సంగీత దర్శకుడి మేనేజరు నాన్నకి ఫోన్ చేశాడు. "ఫిలింనగర్ ఆఫీసుకి రండి. అమ్మాయిని కూడా తీసుకురండి" అన్నాడట.

"నువ్వెందుకమ్మా?" అన్నారు నాన్న. నాకు అర్థమైంది. ఆటోలో చెప్పలేకపోయాను.

అక్కడ సంగీత దర్శకుడు ఫోన్ టేబుల్ మీద పెట్టి నొక్కాడు. నా గొంతే. ఒక్కో నరం పేరు వస్తుంటే నాన్న తల కిందికి వంగిపోయింది. పన్నెండూ అయ్యేదాకా ఎవరూ ఆపలేదు.

"మంచి ట్యూనండీ. ఇక పనికిరాదు" అన్నాడాయన మెల్లగా.

ఆ ఆఫీసు నుంచి నాన్నకి మళ్లీ పిలుపు రాలేదు. పరీక్షలో ఆ నరాల ప్రశ్నే వచ్చింది, పూర్తి మార్కులు పడ్డాయి. ఇప్పుడు మూతి వంకరపోయిన పేషెంటు వస్తే చాలు, ముఖాన్ని కదిలించే ఏడో నరం దగ్గర ఆ ట్యూన్ లోపల మోగుతుంది.

నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి మాత్రం గది తలుపు గడియ పెట్టుకుని సాధన చేస్తున్నారు.