డిసెంబరు పదిహేడు చలి

హైమావతి టీచరుకు ఏడాదిలో మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, డిసెంబరు పదిహేడు ఒక్కటీ ఒక ఎత్తు.

నాచారంలో ఒక పాత అపార్టుమెంటు పై అంతస్తులో ఆవిడ ఒక్కతే ఉంటుంది. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి, ఇక్కడ ఒక చిన్న బడిలో సోషల్ చెప్పి, అక్కడే రిటైరైంది. పెళ్ళి మాట రెండు మూడుసార్లు వచ్చి పోయింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు, ఆవిడా అడగలేదు.

బడిలో ఉన్నప్పుడు మేడమీద గాలి ఆడే చెక్కపెట్టె ఒకటి పెట్టించి, అందులో థర్మామీటరు బిగించింది. రాత్రి ఎంతవరకూ చల్లబడిందో ఆ గుర్తు పొద్దున్నదాకా నిలిచి ఉండే రకం అది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు వంతులవారీగా పెందలాడే వచ్చి చూసేవాళ్ళు. ఒక డిసెంబరు పదిహేడున, గౌతమి అనే పిల్ల వంతు వచ్చినప్పుడు, గుర్తు ఏడు డిగ్రీల దగ్గర నిలిచింది. హైమావతి కాళ్ళు నేలమీద ఆనలేదు. హెడ్మాస్టరు కళ్ళారా చూసేదాకా ఎవరూ ముట్టకూడదని గౌతమిని పెట్టె దగ్గర కాపలా ఉంచి, కిందికి పరుగెత్తింది. విలేకరికి కబురు వెళ్ళింది. మర్నాడు పేపర్లో 'నాచారంలో ఏడు డిగ్రీలు' అని చిన్న వార్త, అందులో ఆవిడ పేరు పడ్డాయి. జన్మలో పేపర్లో పేరు పడడం అదొక్కసారే.

అప్పటినుంచి ఆ తేదీ మీద ఆవిడకు మమకారం పట్టుకుంది. బడి మూతపడ్డాక చెక్కపెట్టెను తమ మేడమీదికి తెచ్చుకుంది. ప్రతి డిసెంబరు పదిహేడునా ఎంత చలి పడిందో మెట్ల గది గోడమీద పెన్సిలుతో రాసేది. ఒక ఏడు బంగాళాఖాతంలో తుఫాను లేచి, ఆకాశమంతా మబ్బు కమ్మి, డిసెంబరులో దుప్పటి తన్నేసి పడుకోవాల్సి వచ్చింది. ఇంకో ఏడు ఉత్తరపు గాలి కోసేసినా పది దగ్గరే ఆగింది. ఆ ఏడు డిగ్రీలను మళ్ళీ ఏ ఏడూ అందుకోలేదు.

ఏటా పదిహేడు పొద్దున్నే గౌతమి ఫోన్ చేసేది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిలో చేరినా, తప్పకుండా చేసేది.

"నమస్తే టీచర్. ఇయ్యాల ఎంతున్నది?"

"పదకొండేనమ్మా. మన ఏడెక్కడ, ఇదెక్కడ!"

"అవునా! పైలం టీచర్, చల్లగాలికి తిరగకున్రి."

అంతే మాట. ఆ కాస్త మాట కోసం హైమావతి ముందు రోజు నుంచే ఫోన్ ఛార్జింగ్ చూసుకునేది.

ఈసారి దసరాకు అపార్టుమెంటుకు సున్నాలు వేశారు. హైమావతి మేడమీదికి వెళ్ళేసరికి మెట్ల గది తెల్లగా మెరుస్తోంది. సెక్రటరీ రామ్మోహనరావు వెనకే వచ్చి, "ఇక్కడేవో పెన్సిలు గీతలుంటే గీకించేశామండీ. మీవా?" అన్నాడు.

"నావి కాదులెండి" అంది. ఎందుకలా అందో ఆవిడకే తెలియలేదు.

డిసెంబరు పదిహేడు వచ్చింది. తొమ్మిది! ఇన్నేళ్ళలో ఆ ఏడు డిగ్రీల తర్వాత అంత చలి పడింది ఇప్పుడే. హైమావతి ఫోన్ పట్టుకునే కాఫీ కలుపుకుంది. స్నానానికి వెళ్తే ఫోన్ వస్తుందేమోనని స్నానం వాయిదా వేసింది. మధ్యాహ్నం అన్నం చల్లారింది. పొద్దు వాలింది. ఫోన్ రాలేదు. తానే చేయవచ్చు. కానీ ఎన్నడూ తను చేసింది లేదు. చేస్తే మొదట ఏమనాలో తోచలేదు.

ఆదివారం దాకా ఓపికపట్టింది. గోడమీద పోయిన అంకెలు గౌతమికైనా గుర్తుంటాయి, అడిగి రాసుకోవాలి కదా అని తనకు తాను సర్ది చెప్పుకుని, ఉప్పల్లో బస్సు ఎక్కి నారపల్లి వెళ్ళింది. నిరుడు గౌతమి పంపిన గృహప్రవేశం కార్డు చేతిలో ఉంది. అప్పుడు మోకాలి నొప్పి అని వెళ్ళలేదు.

తలుపు తీసిన గౌతమి తెల్లబోయింది. "టీచర్! మీరా? రాన్రి, రాన్రి లోపలికి."

ముందుగదిలో గోడకు గౌతమి తల్లి శ్యామలమ్మ ఫోటో. దానికి దండ. హైమావతి నిలబడిపోయింది.

"అమ్మ పోయింది టీచర్, దీపావళి ముంగట. ఎవ్వరికి చెప్పిన్నో, ఎవ్వరికి చెప్పలేదో నాకే యాదిలేదు."

హైమావతి కూర్చుంది. అంత దూరం తెచ్చుకున్న మాటే అనేసింది. "మొన్న పదిహేడున తొమ్మిది పడిందమ్మా."

గౌతమి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఫోనే చెయ్యలే! ఏటా అమ్మనే యాది చేసేది టీచర్. చాయ్ తాక్కుంట, 'టీచరమ్మకు ఫోన్ చేసినవా? ఒక్కతే ఉంటది పాపం' అనేది. నాకు గా డిగ్రీలు ఏం సమజ్ గావు. ఒక్క అంకె గుడ యాదుండదు."

హైమావతి ఇన్నాళ్ళూ చలి కలిపిన స్నేహం అనుకుంది. ఒంటరిదని ఒక తల్లి చేయించిన పలకరింపు అది.

"మీ అమ్మకు ఆ తేదీ ఎలా గుర్తుండేదే?"

గౌతమి టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. "గా దినం నాకు స్వెటర్ లేకుండె టీచర్. పెట్టెకాడ కాపలా ఉండి ఉండి, ఇంటికొచ్చి ఒకటే వణుకుడు. రాత్రికి జరమొచ్చింది. తెల్లారి అమ్మ మీతోటి లొల్లి పెట్టుకుందామని బడికొచ్చిందంట. మీరు గేటుకాడ పేపర్ పట్టుకొని వచ్చినోళ్ళందరికి సూపిస్తున్నరంట. 'గంత సంబురంగ ఉన్న మనిషిని ఏమంటం, నాకు నోరు రాలే' అని మర్లొచ్చింది."

హైమావతి ఎంత తడుముకున్నా గేటు దగ్గర నిలబడిన ఆ మనిషి గుర్తుకు రాలేదు. పేపరు గుర్తుంది. అందులో తన పేరు ఏ వరుసలో ఉందో గుర్తుంది. గౌతమి పేరు లేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

"నాకెందుకు చెప్పలేదే, చలేస్తోందని?"

"గప్పుడు నాకు కాపలా ఉండుడే గొప్ప టీచర్" అని గౌతమి నవ్వింది. ఆ నవ్వులో కోపమేమీ లేదు. అదే హైమావతికి భరించడం కష్టమైంది. లేచి ఫోటో ముందు కాసేపు నిలబడింది. దండం పెట్టి, జోడించిన చేతులు దించకుండా అలాగే ఉండిపోయింది.

గౌతమి బస్టాపు దాకా వచ్చింది. "వచ్చే ఏడు మర్చిపోను, తప్పకుండ జేస్త" అంది.

"గుర్తుపెట్టుకుని చెయ్యకమ్మా, మాట్లాడాలనిపిస్తే చెయ్యి" అంది హైమావతి. ఇంకా ఏదో అనబోయింది గానీ బస్సు వచ్చేసింది. కిటికీ అద్దం మూసుకుని, ఉప్పల్ దాకా ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంది.

ఫిబ్రవరిలో, చలి ఊసే లేని ఒక మధ్యాహ్నం, ఫ్యాను కింద కూర్చుని హైమావతి ఫోన్ చేసింది.

"ఏమైంది టీచర్? పాణం మంచిగుందా?" గౌతమి కంగారుపడింది.

"బాగానే ఉన్నానమ్మా. ఊరికే చేశాను. పిల్లలెలా ఉన్నారు?"

"ఉన్నరు టీచర్. పొయ్యి మీద కూరున్నది, మళ్ళ జేస్తనే" అంది గౌతమి.

ఆ సాయంత్రం ఫోన్ రాలేదు. హైమావతి వేళకు అన్నం తిని పడుకుంది. మర్నాడు కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుకుంటుంటే సంచిలో ఫోన్ మోగింది.