టేపులో ఖాళీ నిమిషం

వార్తల మధ్య ఖాళీ వదలడం నా తెలివితో జరిగింది కాదు. మొదటి క్యాసెట్ తయారుచేసేటప్పుడు రెండు మిషన్ల మధ్య వైరు వదులైంది. ప్రతి వార్త తర్వాత ఇంచుమించు ఒక నిమిషం టేపు ఉత్తగా తిరిగింది. మళ్లీ చేసే సమయం లేక దాన్నే సంతకు తీసుకెళ్లాం.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నాన్న బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టర్. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా అయ్యాక నన్నూ కంపెనీలోకి రమ్మన్నాడు. నేను వినకుండా ఖమ్మంలో ఒక చిన్న వార్తా సంస్థలో చేరాను. సంస్థ అంటే ఖానాపురం హవేలిలో ఒక కిరాయి ఇల్లు, ఒక జీపు, మా సార్, నేను. సార్ అంతకుముందు లెక్చరర్. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి పెనుబల్లి దగ్గర భూములు కొన్నాడు. పేపరు రాని ఊళ్లకు, చదవడం రానివాళ్లకు సరిచూసిన వార్త చేర్చాలన్నది సార్ ఆలోచన. అది అప్పుడూ నాకు నచ్చింది, ఇప్పుడూ తప్పనిపించదు. ఢిల్లీలోని ఒక దాతృత్వ సంస్థ ఆ పనికి గ్రాంటు ఇచ్చింది. దాంతో మేం కొన్నవి: రికార్డింగ్ మిషన్లు రెండు, యాంప్లిఫయర్, హారన్ స్పీకర్, జీపుకు రెండో బ్యాటరీ, వానకు తడవని గుడ్డ, పెట్టెలకొద్దీ క్యాసెట్లు.

భద్రాచలం దాటాక అడవి దారిలో సంతలు ఒక్కో రోజు ఒక్కో ఊళ్లో జరుగుతాయి. మేం వరసగా తిరిగేవాళ్లం. మొదటి రోజు ఫలానా వాగు దగ్గర రోడ్డు కొట్టుకుపోయిందన్న వార్త వినబడింది. తర్వాత ఆ ఖాళీ వచ్చింది. నేను కంగారుగా వైర్లు తడుముతుంటే ఎండుచేపలు అమ్మే ముసలాయన లేచాడు.

"ఏయ్ డబ్బా! పోయింది ఆ వాగు కాదు, దానికి ఇవతలది. నేను పొద్దుగాల అట్నుంచే వచ్చిన. నా చేపలు ఎగురుకుంట వచ్చినయనుకున్నవా?"

జనం పగలబడి నవ్వారు. ఇంకో ఇద్దరు ఆయన చెప్పిందే నిజమన్నారు. రెండో మిషన్ పక్కనే ఉంది కాబట్టి మైకు ఆయన ముందు పెట్టి రికార్డు చేశాను. మర్నాడు పై సంతలో, "నిన్న మేం చెప్పింది తప్పు" అని ముందే చెప్పి ఆ గొంతు వినిపించాం. అక్కడ అరటిగెల మోసుకుపోతున్నవాడు కూడా దాన్ని దించి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఖాళీలు కావాలనే వదిలాను. ఎవరైనా లేచి "అవ్, నిజమే" అనొచ్చు, "గట్ల కాదు" అనొచ్చు. అన్నవాళ్లు ఏ ఊరో, అది తమకెలా తెలిసిందో చెప్పాలి. అది మేం పెట్టిన నిబంధన కాదు. చెప్పకపోతే పక్కవాళ్లే ఊరుకునేవాళ్లు కాదు, "నువ్వు చూసినవా, ఇన్నవా?" అని నిలదీసేవాళ్లు. "తప్పు ఒప్పుకునే డబ్బా వచ్చింది" అని పిల్లలు జీపు వెనక పరుగెత్తేవాళ్లు.

మూడు నెలలకోసారి క్యాసెట్ల నకళ్లు ఢిల్లీకి పార్సిల్ చేసేవాళ్లం. గ్రాంటు పొడిగించే సంవత్సరం, టేపుల్లో ఖాళీలు, సవరణలు ఎక్కువయ్యాయని అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది, తర్వాత హైదరాబాదులో ఒక హోటల్లో శిక్షణ పెట్టారు. నేను శ్రద్ధగా రాసుకున్న అంశాలివి. టేపులో వృథా ఖాళీలు ఉండకూడదు. సవరణలు తగ్గాలి, ఎందుకంటే ఎక్కువ సవరణలు పని నాణ్యతను తక్కువ చేసి చూపిస్తాయి. రికార్డింగు ఆఫీసులోనే జరగాలి, బయటి శబ్దాలు పడకూడదు. ప్రతి వార్తకూ రెండు ఆధారాలు ఉండాలి, అందులో ఒకటి ప్రభుత్వానిదైతే మంచిది.

రెండు ఆధారాల మాట నాకు నచ్చింది. ఒక మీటరు చూపించిన అంకెను ఇంకో మీటరుతో సరిచూడటం మాకు కాలేజీలో నేర్పిందే. ఖాళీల మాట మాత్రం మింగుడుపడలేదు.

"అది ఖాళీ కాదు గద సార్. జనం మాట్లాడేది అప్పుడే" అన్నాను, తిరుగు బస్సులో.

"ఢిల్లీలో వినేవాడి గదిలో జనం ఎక్కడున్నారయ్యా? కుర్చీ ఉంది, ఫ్యానుంది. ఆ నిమిషంలో వాడికి ఫ్యాను చప్పుడే వినపడుద్ది."

"జనం మాట్లాడిన టేపు గూడ పంపుదాం సార్."

"పంపితే తప్పుల లెక్క ఇంకా పెరుగుద్ది. నువ్వు వైర్లు చూసుకో ఇంజనీరూ. ముందు ఆ పొడిగింపు కాయితం రానీ."

ఆయన నన్ను ఇంజనీరూ అని పిలిచేది రెండు సందర్భాల్లో. ఒకటి జీపు ఆగిపోయినప్పుడు, రెండోది నేను నోరు మూసుకోవాల్సినప్పుడు.

ఖాళీలు లేకుండా తయారైన మొదటి టేపులోనే జ్వరాల వార్త వచ్చింది. వాగు అవతలి ఒక కోయ ఊళ్లో పిల్లలు జ్వరంతో చనిపోయారు. మందులు ఇస్తామంటే ఊరివాళ్లే వద్దన్నారని టేపు చెప్పింది. ఆధారాలు రెండు: ఆ ప్రాంతపు కాంపౌండర్, అతని పై అధికారి. ఊరికి వెళ్లి అడిగామా అన్నాను. వాగు పొంగుతోందని, టేపు పూర్తిచేయాల్సిన తేదీ దగ్గరపడిందని సార్ చెప్పాడు. నియమం పక్కాగా పాటించాం.

ఒక టేపు రెండు వారాలు తిరిగేది. రెండో వారం సంతకు ఢిల్లీ నుంచి గ్రాంటు సంస్థ అధికారి ఒకాయన వచ్చాడు, మెడలో కెమెరాతో. మర్యాదస్థుడు. ఎండలో నిలబడ్డాడు, ఇచ్చిన నీళ్లు తాగాడు. నేను క్లిప్పులు బ్యాటరీకి తగిలిస్తుంటే ఒకామె జీపు దగ్గరికొచ్చింది. సంతకు వచ్చేవాళ్లు ఏదో ఒకటి అమ్మకానికి తెస్తారు, చింతపండో విస్తరాకులో. ఆమె చేతుల్లో ఏమీ లేదు.

"తమ్మీ, ఇయ్యాల మనుషులు మాట్లాడే టైము వస్తదా?"

"ఎందుకక్కా?"

"జ్వరాల ఊరు మాదే. నువ్వు చెప్పింది తప్పు. అది చెప్పనీకె వచ్చిన."

టేపు మార్చామని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చూస్తానన్నాను. టేపు మొదలైంది. జ్వరాల వార్త వచ్చినప్పుడు ఆమె స్పీకర్ కిందికి వెళ్లి తలెత్తి విన్నది. అయిపోగానే చెంగు సర్దుకుని జనం వైపు తిరిగి నోరు తెరిచింది. అంతలోనే తునికాకు ధరల వార్త అందుకుంది. ఆమె గొంతు పెంచింది. హారన్ ముందు మనిషి గొంతు ఎంత! ఎవరో కుర్రాడు, "డబ్బాతోని కొట్లాడుతుంది" అని నవ్వాడు.

నేను టేపు ఆపాను.

ఆమె ముందు కోయలో చెప్పింది. తర్వాత రోడ్డు పక్క ఊళ్లవాళ్ల కోసం తెలుగులో అందుకుంది. "మందులొద్దని మేమెవ్వలం అనలె. వాగు దాటి ఎవ్వలూ రాలె. నా పోరడు పోయిండు. మా పక్కింటామె బిడ్డ పోయింది. ఇప్పుడన్న రమ్మని కాంపౌండర్ కాడికి పోతే, మీరే వద్దన్నరు గద, డబ్బాల గూడ చెప్పిండ్రు అంటుండు. వద్దన్నది ఎవ్వలు? ఆ మనిషిని నా ముందల నిలబెట్టుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఎండుచేపల ముసలాయన, "ఆ ఊరు నాకెరికే. మందులొద్దనేటోళ్లు కాదు" అన్నాడు.

అధికారి రెండు ఫోటోలు తీసి, ఆమె ఏమంటోందని సార్‌ను ఇంగ్లీషులో అడిగాడు. ఈ కార్యక్రమం తమకెంతో ఉపయోగపడుతోందని చెబుతోందన్నాడు సార్. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు. నాకు వచ్చిన డిప్లొమా ఇంగ్లీషులో నేను అడ్డు తగిలాను. అలా కాదు సార్, మా వార్త తప్పని చెబుతోంది, ఆ ఊరికి మందులు అసలు రానేలేదట.

అధికారి కోప్పడలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు, దానికి రెండో ఆధారం ఉందా అని.

ఊరంతా ఉంది సార్, అన్నాను.

"ఊరంతా కలిసినా ఒక ఆధారమే అవుతుంది కదా" అన్నాడాయన, శిక్షణలో పాఠం చెప్పినంత ఓపిగ్గా.

కాంపౌండర్, అతని పై అధికారి మాత్రం ఇద్దరు.

సార్ అధికారిని టీ కొట్టు వైపు తీసుకెళ్లాడు. ఆమె మళ్లీ జీపు దగ్గరికొచ్చింది. మాట్లాడినందుకో ఏమో, ముఖం కొంచెం తేటపడింది.

"ఇది రేపు పై సంతల ఇనబడ్తది గద తమ్మీ? కాంపౌండర్ ఆడికే వస్తడు."

"లేదక్కా. రికార్డు చేసే మిషన్ ఖమ్మంల ఉన్నది. ఇప్పుడు తేనిస్తలేరు."

ఆమె మిషన్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి ఎందుకాపినవ్?"

ఖమ్మం చేరాక తర్వాతి టేపులో సవరణ పెడదామని సార్‌ను అడిగాను. పొడిగింపు కాగితం రానీ అన్నాడు. కాగితం రావడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ అడిగాను. "జ్వరాల కాలం అయిపోయింది కదయ్యా. ఇప్పుడది పాత వార్త. పాత వార్తకు ఎవడైనా గ్రాంటు ఇస్తాడా?" అన్నాడు. ఆయన చెడ్డవాడని రాయడం తేలికే, కానీ ఆ రెండు నెలలూ నా జీతం ఆగకుండా పెనుబల్లి వడ్లు అమ్మి ఇచ్చింది ఆయనే. అందుకే నాకు ఇంకా మంట. మంచివాడు కాకపోతే ఎప్పుడో వదిలేసి పోయేవాణ్ణి.

టేపులు శుభ్రంగా తయారయ్యాయి. రొద లేదు, ఖాళీ లేదు, తప్పు ఒప్పుకోవడం లేదు. సంతలో జనం మా వైపు వీపు పెట్టి ఉప్పు బేరమాడుకునేవాళ్లు. ఎండుచేపల ముసలాయన తన గంప స్పీకర్‌కు దూరంగా మార్చుకున్నాడు. చెవులు గింగురుమంటున్నాయట.

వేసవిలో ఢిల్లీ నుంచి వార్షిక నివేదిక వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. అందులో ఆమె ఉంది, నోరు తెరిచి, చెయ్యి ఎత్తి. వెనక జీపు, టేపు మీటమీద నా వేలు. బొమ్మ కింద ఇంగ్లీషులో వాక్యం: నిజమైన వార్తలు అందుతున్నందుకు హర్షం తెలుపుతున్న గిరిజన మహిళ. సార్ దాన్ని ముందు గదిలో బల్లమీద, వచ్చినవాళ్లకు కనపడేలా పెట్టాడు. నేను ఆ నెలాఖరుకు మానేశాను. అప్పటి నుంచి భద్రాచలంలో రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాను. వాటిలో ఏది పాడైందో తెరిస్తే కనబడుతుంది.

మరుసటి వానల్లో ఎండుచేపల ముసలాయన కొడుకు రేడియో బాగుకు తెచ్చాడు. ఆ ఊరి సంగతి అడిగాను. జ్వరాలు మళ్లీ వచ్చాయట, మందుల జట్టు ఈసారీ వాగు దాటలేదట. ఎందుకని అడిగితే కాంపౌండర్ అదే మాట చెబుతున్నాడట: వాళ్లు వద్దన్నరు, డబ్బాల గూడ చెప్పిండ్రు.