ఎవరూ ఎత్తుకుపోని బల్ల

తెల్లవారి తలుపు తీసేసరికి బల్ల ఉన్నచోటే ఉంది. దో న్వే యిన్ నమ్మలేక కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. తన చుట్టల దుకాణం ముందు, గోడకు జానెడు దూరంలో, నాలుగు కాళ్ల మీద బుద్ధిగా నిలబడి ఉంది. రాత్రి ఆవిడ కావాలనే దాని మీద మరిచిపోయిన చీపురు కూడా కదల్లేదు.

ఐరావతి నది ఒడ్డున పకొక్కూలో ఆ పేట అప్పటికే గగ్గోలెత్తిపోతోంది. తజాంగ్‌మోన్ అనే కార్తీక పౌర్ణమి రాత్రి కాకికైనా తెలియకుండా ఎవరి సామాను ఎత్తుకుపోయి ఎక్కడ పెట్టినా అది కుర్రకారు హక్కు. కాకి లేచాక వెతుక్కుంటూ నోరారా తిట్టడం సొంతదారు హక్కు. మంగలి కుర్చీ పడవల రేవులో దొరికిందట. పంతులుగారి సైకిలు చింతకొమ్మకు వేలాడుతోందట. ఎదురింట్లో బజ్జీలు వేసే మి ఛో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, నా మూకుడు గానీ కనపడిందా? పొయ్యి వెలిగించి గంటైంది! కట్టుకున్న పెళ్లాం మూకుడని కూడా చూళ్లేదు ఆ దొంగసచ్చినోడు!"

"నీకేం తల్లీ, అదృష్టవంతురాలివి" అంది దో న్వే యిన్.

ఈ మనిషికి మతి పోయిందా అని మి ఛో అనుకుని ఉంటుంది. పోలేదు. మండిపోతోంది, అంతే.

ఎందుకు మండదు? ఆ బల్లకు పేటలో ఒక చరిత్ర ఉంది. ఒక ఏడాది పడవెక్కి ఐరావతి అవతలి ఒడ్డుకు పోయింది. ఇంకో ఏడాది మఠం ప్రహరీ మీద, కోళ్లగంపతో సహా, ఊరికి ఎత్తుగా కూర్చుంది. ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో ఆ బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతుంటే మొగుణ్ని కూడా కలిపి రేవుకు మోసుకెళ్లారు. పొద్దున్నే పడవవాళ్లు "ఏం తాతా, ఏ ఊరికి?" అంటే గానీ ఆయనకు మెలకువ రాలేదు.

అసలు ఆ మొగుడు దొరికిందే ఈ పండుగ పుణ్యాన. పేరు ముందు పెద్దరికపు 'దో' ఇంకా చేరని పదిహేడేళ్ల వయసులో న్వే యిన్ ఆడపిల్లల దండును వెంటేసుకుని, తాటికల్లు గీసే ఒక మొండివాడి నిచ్చెన లేపేసింది. వాడు మూడు రోజులు వెతికి, నాలుగో రోజు తిట్టడానికి ఆవిడ ఇంటికొచ్చాడు. ఐదో రోజు మరిచిపోయిన తిట్లు గుర్తొచ్చాయని మళ్లీ వచ్చాడు. అలా తిట్టడానికి వచ్చినవాడు నలభై ఏడేళ్లు తిరిగి వెళ్లనే లేదు. వెళ్లింది ఒక్కసారే, పన్నెండేళ్ల కిందట.

ఇప్పుడు ఆవిడకు డెబ్బై ఆరు. నోరు మాత్రం ఇంకా పదిహేడులోనే ఉంది.

అంతా పోయిన మాఘంలో మొదలైంది. పెద్ద బాణలిలో నువ్వులు, కొబ్బరి, వేరుశనగలు పోసి బంకబువ్వ కలిపే పండుగనాడు, తెడ్లు తిప్పుతున్న మగాళ్ల పక్కన నిలబడి "అడుగంటుతోందిరా, చేతులా అరటి బోదెలా అవి?" అని గద్దిస్తూ, పొగకు తల తిరిగి పడిపోయింది. ఒక్క నిమిషం. లేచి మళ్లీ తిట్టింది కూడా. కానీ పేట ఆ లేచింది చూడలేదు, పడింది మాత్రమే చూసింది.

అక్కణ్నుంచి పండుగలన్నీ మెత్తబడిపోయాయి. కొత్త సంవత్సరానికి నీళ్లు చల్లుకునేటప్పుడు, ఏటా బక్కెట్లతో మీదకు ఎగబడే వెధవలు ఈసారి నేరేడు కొమ్మను వెండిగిన్నెలో ముంచి, "కొంచెం చల్లమంటారా పెద్దమ్మా?" అని అడిగి, భుజం మీద నాలుగు చుక్కలు రాల్చారు. ముక్కు కూడా తడవలేదు. వైశాఖ పౌర్ణమికి రావిచెట్టుకు నీళ్లు పోయబోతే చేతిలో కుండ లాక్కుని ఎవరో సాయం చేశారు. వానాకాలం వ్రతం ముగిసిన దీపాల పండుగకైతే వరుసకట్టి వచ్చి కాళ్ల ముందు మోకరిల్లారు. తువ్వాళ్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు. ఆరు డబ్బాలు! ఆవిడ ఆశీర్వదిస్తూనే లోపల లెక్కపెట్టుకుంది. పళ్లున్న మనిషికి ఎవరైనా ఆరు పాలపొడి డబ్బాలు ఇస్తారా?

ఇక మిగిలింది ఈ పౌర్ణమి ఒక్కటే. పేటకు తను ఇంకా మనిషినా, లేక దండం పెట్టి దాటిపోయే విగ్రహాన్నా? బల్ల తేలుస్తుందిలే అనుకుంది. తేల్చింది.

దో న్వే యిన్ చుట్ట ముట్టించుకుని నేరుగా టీకొట్టుకు వెళ్లింది. పదేళ్లుగా ఆ రాత్రి దండుకు నాయకుడు మి ఛో మొగుడే, రిక్షా తొక్కే థా డున్. రాత్రంతా పడ్డ కష్టానికి సీమతంగేడు మొగ్గల పచ్చడి పెట్టుకుని టీ తాగుతున్నాడు. ఈ పౌర్ణమికి తింటే ఆ మొగ్గలు మందని నమ్మకం కదా, ముఖం చేదుగా పెట్టి నములుతున్నాడు.

"ఏరా, నా బల్లకేం రోగం?"

"అయ్యో, కూర్చో పెద్దమ్మా. ఎండలో వచ్చావు."

"కూర్చోడానికి నాకో బల్ల ఉందిలే. ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోలేదో చెప్పు."

థా డున్ గొంతు తగ్గించాడు. "నీ ఆరోగ్యం బాలేదు కదా. పొద్దున్నే లేచి బల్ల వెతుక్కుంటూ కంగారు పడితే... అందుకే ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. పక్క పేటోళ్లు వస్తారేమోనని రాత్రంతా కాపలా కూడా పెట్టాం."

"కాపలా పెట్టావా?"

"నీ మీద గౌరవం పెద్దమ్మా."

అంత మెత్తని గొంతు దో న్వే యిన్ వాడి నోట ఎన్నడూ వినలేదు. తిట్టాల్సినవాణ్ని తిట్టకుండానే ఇంటికి వచ్చేసింది. డెబ్బై ఆరేళ్లలో అలా జరగడం అదే మొదలు.

థా డున్ నిద్రకు పోయాడు. వాడి రిక్షా చింతచెట్టు కింద ఖాళీగా ఉంది. దాని మీద కొత్తగా కుట్టించిన ఎర్రమెత్త. కరెంటు తీగ మీద కాకి ఒకటి కూర్చుని అంతా చూస్తోంది.

"చూడవే, చూడు" అంది దో న్వే యిన్ కాకితో, మెత్త చంకన పెట్టుకుంటూ.

మధ్యాహ్నానికి థా డున్ కేకలు పేటంతా వినిపించాయి. దేవుడికి పువ్వులు పట్టుకెళ్లే ముగ్గురు ఆడవాళ్లు రిక్షా పక్కన నిలబడి తొందరపెడుతున్నారు. వాడు బావి దగ్గర వెతికాడు, మంగలిని నిలదీశాడు, పెళ్లాన్ని అనుమానించాడు. అప్పుడే మూకుడు దొరికిన మి ఛో దాంతోనే సమాధానం చెప్పబోయింది.

"రేవులో చూశావా?" అని సలహా ఇచ్చింది దో న్వే యిన్ బల్ల మీంచి. "పాపం, కంగారు పడకురా. ఆరోగ్యం జాగ్రత్త."

వాడు రేవుదాకా పోయి వచ్చాడు. దుకాణం ముందు చెమటోడుస్తూ నిలబడి, ఆవిడ వైపు చూశాడు. మళ్లీ చూశాడు. ఇవాళ ఈవిడ పొడుగైందేమిటి? లుంగీ అంచు కింద ఎర్రగా ఏదో తొంగిచూసింది.

"నువ్వా!" అరిచాడు థా డున్. "లే! లేవమంటుంటే! బోణీ బేరం పోయింది, రేవుదాకా పరుగెత్తించావు, ముసలి దొంగా! సిగ్గులేదూ? కాకి లేచాక పండుగ అయిపోయిందని తెలీదూ?"

"మీ ఇంట్లో లేచిందేమో. మా ఇంటి కాకి ఇంకా పడుకునే ఉంది."

"నీ కాకి తగలెయ్య! ఇంత గయ్యాళిదానికి నేను కాపలా పెట్టాను చూడు, నన్ననుకోవాలి!"

వీధి వీధంతా నవ్వింది. పువ్వుల ఆడవాళ్లు కూడా తొందర మరిచి నవ్వారు. వాడు ఒక్కసారైనా పెద్దమ్మా అనలేదు. దో న్వే యిన్ మెత్త దులిపి వాడి చేతికిచ్చింది. వాడు తిడుతూనే వెళ్లాడు, మలుపు తిరిగాక కూడా వినిపించింది. చాన్నాళ్లకు ఆవిడకు కడుపు నిండినట్టయింది.

మర్నాడు తెల్లవారి తలుపు తీసేసరికి గోడకు జానెడు దూరంలో, దుమ్ములో నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. పండుగ ముగిసి ఒక రోజైంది. ఇలాంటిది పేటలో ఎన్నడూ జరగలేదు.

దో న్వే యిన్ లోపలికి వెళ్లి బుగ్గలకు బెరడు గంధం రాసుకుంది, జుట్టు ముడి వేసుకుంది. వీధి మధ్యకు వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని, పేట కొసదాకా వినపడేలా మొదలుపెట్టింది. తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా పొద్దెక్కేదాకా తిట్టింది. బల్ల మాత్రం వెతకలేదు.