ఖాళీ గిన్నె తిరిగివ్వని భాష

లోకంలో ఉన్న భాషలు చాలలేదని మా బావ కొత్తది కట్టడానికి కూర్చున్నాడు. మనుషులు మాట్లాడే భాష కాదు, కంప్యూటర్‌కు పని చెప్పే భాష. బావంటే మేనత్త కొడుకు, నా మొగుడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోంచే చేస్తాడు, మిగిలిన పొద్దంతా ఈ తపస్సు. పలాసలో మా చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ నేను నడుపుతాను. కరెంటు పోయినా, పనివాళ్ళు రాకపోయినా పరుగెత్తేది నేనే. ఆయనగారు మాత్రం వాక్యం చివర సెమికోలన్ ఉండాలా వద్దా అని ఒక వర్షాకాలమంతా ఆలోచించాడు.

ఇంతలో ఇచ్ఛాపురం మిఠాయి వ్యాపారి ఒకాయన తొలిసారి ఆర్డరిచ్చాడు. సరుకు నచ్చితే ఏడాది పొడుగునా మా దగ్గరే కొంటానన్నాడు. ఆ మాట మీద నేను పెట్టుకున్న ఆశలు ఇన్నీ అన్నీ కావు. సరిగ్గా అప్పుడే బావకు నా మీద ప్రేమ పొంగుకొచ్చింది. పప్పు ఆరబెట్టే డ్రయ్యర్ వేడిని ఇకనుంచి తన భాషలో రాసిన ప్రోగ్రామే చూసుకుంటుందన్నాడు.

"సరిగ్గా సేత్తాదా బావా?" అన్నాను.

"సూడే, మన పద్ధతిలోనే కట్టాను," అంటూ పాఠం మొదలెట్టాడు. ప్రోగ్రామ్ తన పనికి మెమరీలో కొంత చోటు అడిగి తీసుకుంటుందట, పనయ్యాక తిరిగి ఇచ్చేస్తుందట. "తుడిసి ఇవ్వడం టైం దండగ. పక్కింటోళ్ళ గిన్నె ఖాళీగా తిరిగిత్తామేటి మనం? ఏదో ఒకటి ఏసే ఇత్తాం కదా. నా భాషా అంతే."

మొదటి వాయి బ్రహ్మాండంగా వచ్చింది. బావ మీసం మెలేశాడు. రెండో వాయి పెట్టగానే డ్రయ్యర్ సరిగా వెచ్చబడకుండానే పని అయిపోయిందని ఆగింది. ఆడవాళ్ళు గోళ్ళు నొప్పెట్టేలా గీకినా పొట్టు ఊడలేదు, పప్పు ముక్కలైంది. తీరా చూస్తే, తిరిగిచ్చిన చోటులో మొదటి వాయి వేడి లెక్కలు అలాగే ఉన్నాయి. రెండో వాయి అదే చోటు తీసుకుని, తన పని ఎప్పుడో ముగిసిందనుకుంది. మేము మళ్ళీ ఆరబెట్టుకునేలోగా వ్యాపారి వేరేచోట కొనేశాడు.

ఆ సాయంత్రం పక్కింటి వదిన మా గిన్నెలో పనసపొట్టు కూర వేసి తెచ్చింది. కూర వేరే గిన్నెలోకి తీసి, కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఆ గిన్నె తోముతున్నాను.

"ఇప్పుడే ఎందుకే కడుగుతన్నావు?" అన్నాడు బావ.

"మరి కూర మరకల్లోనే పాలు తోడెట్టమంటావేటి?"

ఆ మాట వినగానే గబగబా కంప్యూటర్ ముందుకెళ్ళి కూర్చున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ గిన్నెలు నిండుగా రావడమే చూశాడు పాపం. వచ్చిన గిన్నెను ఎవరో ఒకరు కడుగుతారని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన భాష చోటు తీసుకోగానే ముందు శుభ్రంగా తుడుచుకుంటుంది. ఇచ్ఛాపురం నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు, తలుచుకుంటే నాకు ఇంకా ఏడుపొస్తుంది. ఇంట్లో గిన్నెలు మాత్రం బావే కడుగుతున్నాడు. భాష కట్టేవాడికి ఆ మాత్రం చదువుండాలి కదా.