ఎడమ నుంచి కుడికి నేర్చిన చూపు

వేగంగా చదవడం ఒక ప్రత్యేకమైన విద్య అనీ, దానిని నేర్పడానికి పరికరాలు ఉంటాయనీ నేను మొదటిసారి విన్నది అబిడ్స్‌లో, ఒక కళ్లద్దాల దుకాణం పై అంతస్తులో. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న సంవత్సరాలవి. అంతకు ముందు చదవడమంటే మాకు తెలిసినది ఒకటే: పుస్తకం ముందు పెట్టుకుని, పంక్తి మీద వేలుంచి, పక్కవారికి వినపడేటట్టు పలకడం. నోరు మెదపకుండా కూర్చున్న పిల్లవాణ్ణి మా పంతులు చదువుతున్నవాడిగా ఒప్పుకునేవాడు కాదు. పెద్దయ్యాక మా గొంతులు తగ్గాయి గాని పెదవులు ఆగలేదు. నాంపల్లిలో నేను పనిచేసిన దఫ్తరులో మధ్యాహ్నం వేళ అందరూ కాగితాల మీద వంగి ఉన్నప్పుడు తేనెపట్టు దగ్గర నిలబడినట్టుండేది. దానిని ఎవరూ లోపం అనుకోలేదు.

అది లోపమని చెప్పి, దానిని పోగొడతానని వచ్చిన ఒక పెద్దమనిషి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆనాటి డైరీలు తేదీల వరుసలో ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి ఎవరినీ నిందించడం లేదు.

మా దఫ్తరు పని ఇళ్ల కట్టడాలకు అనుమతులివ్వడం, వాటి మీద వచ్చే తగాదాలు తేల్చడం. నేను అందులో నకల్‌నవీసును, అనగా వచ్చిన కాగితాలకు చేత్తో ప్రతులు రాసేవాడిని. టైపు యంత్రాలు వస్తున్నాయనీ, మాలో చాలామందిని జిల్లాలకు పంపుతారనీ ఆ ఏడాది ఖరారైంది. నగరంలో మిగిలే అవకాశం ఒక్కటే ఉంది. మా దఫ్తరు పై అధికారి నాజిం సాహెబు దగ్గర పేష్కారు ఉద్యోగం ఖాళీ అయింది. పేష్కారు ఫైలంతా చదివి, అందులోని సంగతి అధికారికి నోటితో చెప్పాలి. అధికారి ఆ మాట విని సంతకం పెడతాడు.

ఆ ఉద్యోగం మీద ఆశ నా కోసం కాదు. మా నాయన పోయాక అమ్మ, చెల్లెలు నాంపల్లిలోని కిరాయి ఇంట్లో నాతోనే ఉండేవారు. చెల్లెలు దగ్గరలోని మిషన్ ఆడపిల్లల బడిలో చదువుతూ మెట్రిక్‌కు ఒక్క తరగతి దూరంలో ఉంది. నన్ను పంపుతామన్న జిల్లా ఊళ్లో ఆడపిల్లలకు చిన్న తరగతులు దాటి బడి లేదు. నేను వెళితే ఆమె చదువు అక్కడితో ఆగిపోతుంది. వేరే దారి నాకు కనిపించలేదు.

పోటీలో ఇద్దరమే మిగిలాం. రెండవవాడు నా పక్క బల్ల వాడు, వయసులో నాకంటె పెద్ద, పాత హైదరాబాదు కాయస్థ కుటుంబీకుడు. దఫ్తరులో అందరికంటె నిదానంగా చదివే మనిషిగా ఆయనకు పేరు. నాజిం సాహెబు పరీక్షను తనకు వీలైన రీతిలో ఏర్పాటు చేశాడు. ఇద్దరికీ చూడని ఫైలు చెరొకటి ఇస్తారు. ఆయన చాయ్ తాగి గదిలోకి తిరిగి వచ్చేలోగా చదివి సంగతి చెప్పాలి. పక్క బల్ల పెద్దమనిషి ఇది విని నవ్వి, "మనకు చదువు రాదని కాదయ్యా, సాహెబుకు చాయ్ చల్లారుతదని ఫికర్" అన్నాడు. నేను నవ్వలేదు. కావలసింది వేగమేనని నిర్ణయించుకుని అబిడ్స్‌కు వెళ్లాను.

శిక్షకుడు సికింద్రాబాదు వాడు, బొంబాయిలో కొన్నేళ్లు ఉండి వచ్చాడు. ఎండలో కూడా టై విప్పేవాడు కాదు. ఆయన పరికరాలలో మొదటిది ఒక నల్లని అట్ట. దాని మధ్యలో పొడవాటి సన్నని చీలిక. అట్టను పేజీ మీద పెడితే ఒక్క పంక్తిలోని మూడు నాలుగు మాటలు మాత్రమే కనిపిస్తాయి. దానిని ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోవాలి. దాటిపోయిన మాట మళ్లీ కనిపించదు గనుక కన్ను వెనుకకు మళ్లే అలవాటు మానుకుంటుందని సిద్ధాంతం. జరపవలసిన వేగాన్ని పియానో నేర్పేవారు వాడే టిక్‌టిక్ యంత్రం చెబుతుంది. ఇవి కాక ఒక చెక్కపెట్టె ఉండేది. దానికి పాత కెమెరా మూత బిగించాడు. మీట నొక్కితే లోపలి మాట రెప్పపాటు కాలం కనిపించి మాయమవుతుంది. ఏమి చూశామో చెప్పాలి. అన్నిటికంటె నాకు కష్టమైనది పెన్సిలు. పెదవులు కదలకుండా దానిని పళ్ల మధ్య అడ్డంగా కరచి పట్టుకుని చదవాలి. ఉద్యోగస్థులం, పెళ్లీడు దాటినవాళ్లం, వరుసగా బల్లల మీద కూర్చుని కళ్లెం వేసిన గుర్రాల వలె పెన్సిళ్లు కరచి ఇంగ్లీషు పాఠాలు చదివేవాళ్లం.

ఇంట్లో సాధన చేయవలసి వచ్చినప్పుడు అమ్మ భయపడింది. అన్నం వడ్డించనా అని అడిగితే నేను తల ఊపాను. నేను మౌనవ్రతం పట్టాననుకుని ఆమె పొరుగింటికి వెళ్లి ఇది ఏ దేవుడి వారమని అడిగి వచ్చింది. చెల్లెలు మాత్రం నా ఎదురుగా కూర్చుని అట్ట జరిపే పని తీసుకుంది.

"అన్నా, పెన్సిల్ కొరికితే చదువొస్తదా? గట్లయితే మా బడి ఎనకాల మేక ఎప్పుడో మెట్రిక్ పాసయ్యేది."

నేను పెన్సిలు తీయకుండానే కోప్పడ్డాను. ఆమెకు ఒక్క మాట కూడా అర్థం కాక ఇంకా నవ్వింది. పాఠం అయ్యాక ఏమి చదివావో చెప్పమంది. ఒక ఓడ తుఫానులో చిక్కి మునిగిపోయిందని చెప్పాను.

"మునగలే. రేవుకొచ్చింది. తుఫాను అని సూడంగనే నువ్వే ముంచినవ్."

పేజీ తిప్పి చూపింది. ఓడ రేవుకు చేరిన మాట నిజమే. ఇటువంటి పొరపాట్లు సాధనతో తగ్గుతాయని శిక్షకుడు చెప్పాడని ఆమెకు చెప్పాను. తగ్గినట్టే అనిపించాయి కూడా. పెట్టెలో మాట మెరవగానే పట్టుకునేవాణ్ణి. పెన్సిలు లేకుండానే పెదవులు ఆగిపోయాయి. దఫ్తరులో నా బల్ల నిశ్శబ్దంగా ఉండడం చూసి పక్కవాడు నాకు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఒక సందేహం మాత్రం నన్ను వదలలేదు. మా దఫ్తరు కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. ఉర్దూ పుస్తకం ఒకటి తీసుకెళ్లి శిక్షకునికి చూపించాను. ఆ పుస్తకాలు అచ్చు అక్షరాలతో కాక రాతిపలక మీద చేత్తో రాసి అచ్చు తీసినవి. మాటలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, చీలికలో ఇమడవు. ఆయన అట్ట పెట్టి చూసి, తీసి పక్కన పెట్టాడు.

"కంటికి భాషలుండయ్ సార్. ఒకసారి ఉరుకుడు అలవాటైనంక ఏ భాషలనైనా ఉరుకుతది. మీరు ఫికర్ చెయ్యకున్రి."

చదువుకున్న మనిషి, పరికరాలున్న మనిషి చెప్పిన మాట గనుక నమ్మాను.

పరీక్ష నాడు నాకు వచ్చిన ఫైలు ఉమ్మడి గోడ తగాదా. ఇరుగు పొరుగు ఇళ్లవాళ్లు ఇద్దరూ ఒకరి మీద ఒకరు అదే నేరం మోపారు: అనుమతి లేకుండా గోడ ఎత్తు పెంచాడని. ఫైలు తలకట్టులో, అనగా పై శీర్షికలో, ఒకే పంక్తిలో ఫిర్యాదు చేసినవాని పేరు, నడుమ 'ఫలానావాని మీద' అని అర్థమిచ్చే 'బనాం' అనే మాట, తరువాత ఎవరి మీద ఫిర్యాదో ఆ పేరు ఉంటాయి. ఉర్దూ కుడి వైపు నుంచి మొదలవుతుంది గనుక ఫిర్యాదు చేసినవాడు కుడివైపు ఉంటాడు. ఇది నాకు తెలియనిది కాదు. అటువంటి తలకట్టులు నా చేత్తో ఎన్ని రాశానో చెప్పలేను. కాని నాజిం సాహెబు తలుపు దాటగానే నా కన్ను పంక్తి ఎడమ కొసకు దూకింది. అక్కడున్న పేరును మొదటి పేరుగా పట్టుకుంది. వెనుకకు చూడవద్దని నేర్చుకున్నాను, చూడలేదు.

ఆ పైన చదివినదంతా ఆ మొదటి చూపుకు సరిపోయింది. లోపలి కాగితాలలో పేర్లు కాక మొదటి పక్షం, రెండవ పక్షం అనే ఉంటాయి, ఇద్దరి ఆరోపణలూ ఒకటే గనుక ఎక్కడా తట్టుకోలేదు. సాహెబు తిరిగి వచ్చేసరికి నేను ఫైలు తాడు కట్టి నిలబడి ఉన్నాను. గోడ కొలతలు, తనిఖీ చేసిన ఉద్యోగి అభిప్రాయం, ఇరువైపుల సాక్షుల మాటలు ఆగకుండా చెప్పాను. గోడ పెంచినది తేలింది గనుక పెంచిన భాగాన్ని తీసివేయించాలని తనిఖీదారు సిఫారసు చేసినట్టు చెప్పి, ఎవరి చేత తీయించాలో పేరు కూడా చెప్పాను.

ఆయన ఫైలు విప్పించి తలకట్టు మీద వేలు పెట్టాడు. కోపం లేదు. తాను నా మాట మీద సంతకం పెట్టి ఉంటే ఫిర్యాదు తెచ్చిన మనిషి తన గోడ తానే కూల్చుకోవలసి వచ్చేదని ఉర్దూలో మెల్లగా అన్నాడు. మిగిలిన వివరాలన్నీ సరిగా ఉన్నాయని నేను మనవి చేశాను. ఉన్నాయని ఆయన ఒప్పుకున్నాడు. పక్క బల్ల పెద్దమనిషి తన ఫైలు సగమే చదివాడు. సగమే అయిందనీ, మిగతాది చదవనిదే చెప్పలేననీ అన్నాడు. చదివిన సగంలో తప్పు దొరకలేదు. చాయ్ ఇంకొకటి తెప్పించుకుంటానని సాహెబు అతణ్ణి కూర్చోబెట్టాడు. దానితో విషయం తేలిపోయింది.

పరీక్షకు పెట్టిన నియమాన్ని పెట్టినవాడే మార్చడం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయినా ఆ సాయంత్రం నా కోపం అబిడ్స్ మెట్ల మీదికే ఎక్కింది. జరిగినది విని శిక్షకుడు ఆశ్చర్యపోలేదు.

"అట్టను కుడి దిక్కు నుంచి జరిపి సాధన చేస్తే అయిపోతుండె గద సార్."

"ఆ మాట ముందు ఎందుకు చెప్పలే?"

"మీరు భాష గురించి అడిగిన్రు. దిక్కు గురించి అడగలే."

ఉర్దూ కోసం వేరే తరగతి పెడతాననీ, మొదటి పేరు నాదే రాసుకుంటాననీ కూడా అన్నాడు. నేను అట్టను ఆయన బల్ల మీద పెట్టి దిగి వచ్చాను. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం అజ్ఞానం కాదు. దానికి వేరే పేరుంది. రెండు దిక్కుల నుంచి చదివే నగరంలో దుకాణం తెరిచిన మనిషి ఒక దిక్కుకే పరికరం చేసి, కంటికి భాష లేదని చెప్పడం ఈనాటికీ నేను క్షమించలేదు.

ఇంట్లో చెప్పడానికి మాత్రం నాకు వేగం రాలేదు. అన్నం తిన్నాక చెప్పాను. అమ్మ సామాను గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. చెల్లెలు ప్లేట్లు తీసి కడిగి వచ్చి, బడిలో బోర్డింగు ఉన్నదనీ, తాను అక్కడ ఉండి మెట్రిక్ పూర్తి చేస్తాననీ చెప్పింది. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ టీచరు ఒకామె దానిని చూసుకునేది; ఆమెను ముందే అడిగి చోటు చెప్పించుకుందట.

"ముందే అంటే ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు ఓడను ముంచిన నాడు."

నాకు కోపం రావలసింది. అమ్మకు వచ్చింది. పరాయి చేతి వంట ఎట్లా తింటావని అడిగింది. మన హిందువుల పిల్లలకు అక్కడ వేరే పొయ్యి ఉన్నదని చెల్లెలు చెప్పింది. మరి వాళ్ల ప్రార్థనో అని అమ్మ అంటే, ప్రార్థన వేళ అందరితో నిలబడతాననీ, పెదవులు కదపకుండా ఉండడం అన్నతో కలిసి తానూ నేర్చుకుందనీ చెప్పింది. బంధువులు ఏమంటారోనన్న అభ్యంతరం నేను తెచ్చాను. ఇల్లు దాటి ఆడపిల్లను బోర్డింగులో పెట్టడం మా కుటుంబాలలో అప్పటికి లేదు. ఆమె ఒక్క మాటే అడిగింది.

"అన్నా, నువ్వు గింత కష్టపడ్డది నా చదువు కోసమే గద. నౌకరి రాలే. చదువు ఎందుకు పోవాలె?"

మరునాడు వెళ్లి ఆ టీచరుతో మాట్లాడాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వంటగది, పడకగది, నీళ్ల తొట్టి అన్నీ చూపించి, ఆదివారాలు అన్న తప్ప వేరెవరూ కలవడానికి వీల్లేదని చెప్పింది. అన్న జిల్లాలో ఉంటాడని నేను చెబితే, అయితే ఆదివారాలు కూడా చదువుకుంటుందిలెండి అన్నది.

అమ్మా నేనూ జిల్లాకు బయలుదేరిన రోజు చెల్లెలు నాంపల్లి స్టేషనుకు వచ్చింది. బోర్డింగులోని మరో అమ్మాయి తోడు వచ్చింది. అమ్మ కిటికీ లోంచి ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. బండి ఆలస్యమని చెప్పారు. కొంతసేపు నిలబడి, చీకటి పడితే గేటు మూస్తారనీ, లెక్కలు ఇంకా మిగిలాయనీ చెప్పి, చెయ్యి విడిపించుకుని అమ్మకు దండం పెట్టింది. ఇద్దరు పిల్లలూ మాట్లాడుకుంటూ జనంలోకి వెళ్లిపోయారు. బండి అప్పటికింకా కదలలేదు.

"ఒక్కసారన్న వెనకకు సూడలేదురా" అన్నది అమ్మ.

పరీక్షలు దగ్గరికొచ్చినయని చెప్పి, కిటికీ తలుపు దించాను.