చింతబరికె పిల్లల చేతికిచ్చినవాడు

మా వీధిలో దూది ఏకే దూదేకులతను, అందరం తమ్ముడని పిలిచే మనిషి, నిన్న తెల్లారుజామున పోయాడు. కబురు తెలిసిన కాడి నుంచీ ఊరంతా మంచోడు, మంచోడు అంటున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఏ నోరూ అన్లేదు. నా నోరు అసలే అన్లేదు. అందుకే నాకొచ్చిన నాలుగక్షరాలతో ఇది రాస్తున్నా. వంకరగా ఉంటే ఉండనీండి.

ఫాల్గుణం వస్తే పిల్లలకి ఏమవుద్దో మీకు తెలియంది కాదు. చలి పోద్ది, మోదుగులు పూస్తాయి, కాళ్ళు నేల మీద ఆనవు. బడిలో పంతులు చింతబరికె తీస్తాడు. ఇంటికొస్తే మేం తీస్తాం. దానికి అదొక్కటే మందని మా నమ్మకం.

తమ్ముడు అదే బరికె పిల్లల చేతికిచ్చాడు. అప్పుడు యుద్ధం రోజులు, గుడ్డకి కంట్రోలు, కొత్తవి దొరక్క ఊళ్ళో పాత పరుపులన్నీ అతని పంచకే చేరేవి. గడ్డకట్టిన దూది నేల మీద పరిచి కొట్టండ్రా అనేవాడు. దూదిని తప్ప ఇంకెవర్నీ కొట్టకూడదు, అంతే కట్టడి. బడి వదలగానే ఉరికేవాళ్ళు. చెమటలు కారి వాళ్ళే బరికెలు పడేసినాక, గోడవార కూచోబెట్టి, దూదేకే విల్లు తీసి, దాని నారి మీటుతూ దూది ఏకేవాడు. ఆ నారి మోత వింటూ గువ్వల్లా కూచునేవాళ్ళు. అప్పుడు ఎక్కాలు చెప్పమనేవాడు. తనకి ఒక్క ఎక్కం రాదు. తప్పు చెప్పినా తలూపేవాడు. "చెయ్యి అలిసినాకే చెవి తెరుచుకుంటది" అనేవాడు.

ఒకరోజు చూద్దును కదా, ఎనిమిదేళ్ళ నా మనవడు, నెత్తి నిండా దూదితో, అక్కడే. రైతుబిడ్డ దూదేకులోడి పంచలో పనిచెయ్యడమేంది? నలుగురూ చూస్తుండగా వాడి రెక్క పట్టి లాగా. "కూలోళ్ళు దొరక్క మా పిల్లలు దొరికారంట్రా నీకు?" అన్నా.

అతను కోప్పడలేదు. "వాడు కొట్టిందాన్ని మళ్ళా నేనే సరిచేసుకోవాలి అన్నా, నాకేం లాభం? వాడికి కాళ్ళు నిలవట్లా. పంతులు కొడతాడు, నువ్వు కొడతావు. ఒక్క ఘడియ వాణ్ణి కొట్టనీ."

నాకు చెప్పొచ్చావా అని వచ్చేశా. నా నోటికి జడిసి మిగతా రైతులూ పిల్లల్ని మానిపించారు. వారం తిరక్కుండా, కుదురుగా కూచోలేదని పంతులు నా మనవడికి కోదండం వేశాడు. దూలానికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని వేలాడమనడం. వాడు దిగి, పలక నేలకేసి కొట్టి, బయటికి నడిచాడు. మళ్ళా ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు పధ్నాలుగేళ్ళు. వేలిముద్ర వేస్తాడు.

పంతుల్ని తిట్టాను, చానా తిట్టాను. తాడు అతనిదే. కానీ ఆ పంచకి పిల్లల్ని రానీకుండా చేసింది నేను.

ఆరేళ్ళూ అదే వీధిలో ఎదురుపడ్డాం. ప్రతిసారీ అతనే, బాగున్నావా అన్నా, అని పలకరించేవాడు. నేను తలాడించి పోయేవాణ్ణి. తప్పయిందన్న ఒక్క మాట గొంతు దాటలేదు. దీన్నే పౌరుషం అనుకున్నా. థూ.

నిన్న పిడికెడు మట్టి వేసి, తిరిగొస్తూ అతని పంచలోకి వెళ్ళా. విల్లు గోడకి వేలాడుతోంది. వేలితో నారి మీటా. వీధిలో పరిగెత్తే కాళ్ళ చప్పుడు ఆగిపోయింది. చూస్తే, గుమ్మంలో ఐదారుగురు బుడతలు ఒగురుస్తూ నిలబడున్నారు. వీళ్ళలో ఒక్కడూ ఈ పంచలో కూచున్నవాడు కాడు. అయినా, ఆ మోత అణిగిందాకా ఒక్కడూ కదల్లేదు.