దండం పెట్టని అభ్యర్థి

మా తమ్ముడు సదాశివరావుని ఢిల్లీలో అందరూ రావ్ సాబ్ అంటారు. ఎమ్మెల్యే అయ్యాక వచ్చిన మర్యాద అనుకునేరు, గుమాస్తాగా ఉన్నప్పుడూ అదే పిలుపు. ఈ ఊళ్లో తెలుగువాడు కనిపిస్తే చాలు, రావ్ సాబే. కొవ్వూరు నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్లు మోసి, సెక్షన్ ఆఫీసరై, ముందే రిటైర్మెంటు పుచ్చుకుని వసంత్ కుంజ్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. నా భర్త పోయాక నన్నూ ఆ ఇంటికే తెచ్చుకున్నాడు. ఇక్కడి తెలుగు బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నోరు కాబట్టి నాది ఊరుకోదు. దుర్గాంబ ఉన్నచోట రహస్యం ఉండదని మా మరదలు సుభద్ర నవ్వేది.

వాడు రాజకీయాల్లోకి వెళ్లడం కూడా గుమాస్తా పద్ధతిలోనే జరిగింది. కాలనీకి నీళ్లు రాకపోతే ఖాళీ బకెట్టు పట్టుకెళ్లి నీళ్ల ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు. మర్నాడు వాడి పక్కన ఇంకొందరు బకెట్లతో కూర్చున్నారు. తర్వాత గుడి కమిటీ వాళ్లు పిలిచారు, ఆ తర్వాత పార్టీ పిలిచింది. 2003లో పంజాబీ దుకాణదారులూ, పక్క గ్రామాల జాట్లూ కలిసి మా వాణ్ని గెలిపించారు. వాడి హిందీ విని మా పాలవాడు ఇప్పటికీ నవ్వుతాడు.

గెలిచాక వాడి అభిప్రాయాలకి కాళ్లొచ్చాయి. గుడి వీధిలో మద్యం దుకాణం వద్దన్నాడు, మూయించాడు. పెళ్లికాని జంటలకి గదులు అద్దెకివ్వకూడదన్నాడు. అమ్మాయిల హాస్టళ్లకి రాత్రి తొమ్మిదికల్లా తాళం పడాలన్నాడు. సొంత కూతురు కిరణ్మయి గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి పదకొండింటికి కంపెనీ కారులో దిగేది. చెప్పేవి శ్రీరంగనీతులు అని నేను సామెత సగంలో ఆపేస్తే, వాడు పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒకసారి మా నియోజకవర్గంలోనే ఒక పంజాబీ అమ్మాయి తండ్రి చితికి తానే నిప్పు పెట్టింది. పేపర్లు మెచ్చుకున్నాయి. టీవీ వాళ్లు మా తమ్ముణ్ని అడిగారు. "కొడుకు లేకపోతే జ్ఞాతులుంటారు. ఆడపిల్లని శ్మశానానికి పంపడం మన పద్ధతి కాదు" అన్నాడు. ఆ వారమంతా ఇంటికి పూలదండలొచ్చాయి. 2008 ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డప్పుడు పార్టీ వాళ్లు ఆ మాటని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేశారు.

నామినేషన్ వేసి ప్రచారం జోరందుకునే వేళ, వంటింట్లో చారుకి పోపు వేస్తూ సుభద్ర కూలబడిపోయింది. ఆసుపత్రికి వెళ్లేలోపే అయిపోయింది. మా తమ్ముడు ఏడవలేదు. డాక్టరు చెప్పింది విని "ఠీక్ హై" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో వాడికీ తెలియదు.

శవాన్ని హాల్లో పడుకోబెట్టాం. కిరణ్మయి తలారా స్నానం చేసి, తడిజుట్టుతో వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నిప్పు కుండ నేను పట్టుకుంటాను. అమ్మకి నేనే పెడతాను. ప్లీజ్."

కొడుకు లేడు. ఉన్నది ఈ పిల్లే. వాడు పిల్ల ముఖంలోకి చూశాడు, తర్వాత వీధి తలుపు వైపు చూశాడు. బయట పార్టీ ఇన్‌చార్జి త్యాగీజీ, ఆయన పక్కన ఇద్దరు విలేకరులు నిలబడి ఉన్నారు. వాళ్లు లేకపోతే ఏమనేవాడో నాకు తెలియదు.

"వద్దమ్మా" అన్నాడు.

పిల్ల ఇంకోసారి అడగలేదు. నాకు ఒళ్లు మండింది గానీ, శవం ముందు ఏం మాట్లాడతాను? కుండ వాడే పట్టుకుని వెళ్లాడు. మేం ఆడవాళ్లం గుమ్మంలో ఉండిపోయాం.

కర్త అయినవాడు మైల తీరేదాకా గడ్డం గీయకూడదు, ఒకరింట్లో అడుగు పెట్టకూడదు, ఎవరికీ దండం పెట్టకూడదు, ఎవరి దండమూ పుచ్చుకోకూడదు. వీధిలో నిలబడితే దోషం లేదని పురోహితుడు అన్నాడు కాబట్టి త్యాగీజీ వాణ్ని మూడోనాడే ప్రచారానికి లాక్కెళ్లాడు. అప్పుడు మొదలైంది అసలు తంటా. ఢిల్లీలో ఓటు అడిగేవాడి చేతులు పొద్దుట్నించి రాత్రిదాకా జోడించే ఉంటాయి. మా వాడి చేతులు మాత్రం పక్కనే వేలాడుతున్నాయి. ముసలమ్మలు నమస్తే అంటే తల ఊపుతాడు. ఇంట్లోకి రమ్మంటే గుమ్మం బయటే ఆగిపోతాడు. రావ్ సాబ్‌కి పొగరెక్కిందని రెండు రోజుల్లో బజారంతా పాకింది.

ఇంటిపేరు మారినదాన్ని కాబట్టి నాకు ఆ మైల స్నానంతోనే తీరిపోయింది. వాడి పక్కన నడుస్తూ వాడి తరఫున నేను దండాలు పెట్టాను. అభ్యర్థి కర్రలా నిలబడితే అక్కగారు వంగి వంగి నమస్కరించడం చూసి పిల్లలు నవ్వారు. మరో రోజైతే నేనూ నవ్వేదాన్నే.

"రావ్ సాబ్, ఒక్కసారి చేతులు జోడించండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు త్యాగీజీ హిందీలో.

"నాకు తెలుస్తుంది."

"పోనీ భాభీజీ ఫోటో జీపు మీద పెడదాం."

"పెట్టొద్దు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అందులో కొంత గొప్ప కూడా ఉందని ఒప్పుకుంటాను. చచ్చిన భార్యని ఓటుకి తిప్పనన్నాడు, ఓడిపోతానని తెలిసీ ఆచారం వదలనన్నాడు. వాడు మాట మీద నిలబడే మనిషేనని నేనూ నమ్మాను.

ఆ నమ్మకం పెద్ద సభ రోజు దాకానే నిలిచింది. ఆ మధ్యాహ్నం త్యాగీజీ వచ్చి, తండ్రి దండం పెట్టకపోతే కూతురు పెట్టొచ్చుగా, తల్లి పోయిన పిల్ల వేదిక మీద చేతులు జోడిస్తే ఓట్లు వాటంతటవే పడతాయి అన్నాడు. మా తమ్ముడు కాసేపు నేల చూశాడు. తర్వాత కిరణ్మయి గది ముందుకెళ్లి నిలబడ్డాడు. నేను వెనకే వెళ్లాను.

"అమ్మలూ, సాయంత్రం సభకి ఓసారి రాగలవా? మాట్లాడక్కర్లేదు. నమస్కారం పెడితే చాలు."

కిరణ్మయి తల్లి చీరలు మడతపెడుతోంది. ఆ పని ఆపలేదు.

"నాకూ మైలే కదా నాన్నా."

వాడి చెయ్యి పెరిగిన గడ్డం మీదికి పోయింది.

"మీరు పెట్టకూడని దండం నేను పెట్టొచ్చా? శ్మశానానికి పనికిరాని దాన్ని, స్టేజీకి పనికొస్తానా?" గొంతు పెంచలేదు. ఆఫీసు ఫోన్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "రహ్‌నే దీజియే నాన్నా, వదిలేయండి. నేను రాను."

నాకు తమ్ముడి మీద జాలి కలగలేదు. బాగా అయింది అనుకున్నాను. అనుకుని, వాడికి కాఫీ కలిపిచ్చాను. వాడు దాన్ని చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

సభకి జనం బాగానే వచ్చారు. చలికి శాలువాలు కప్పుకుని కుర్చీల్లో ముడుచుకున్నారు. త్యాగీజీ సంప్రదాయం గురించి అరిచి అరిచి మైకు మా వాడికిచ్చాడు. మాసిన గడ్డంతో, చేతులు పక్కకి వేలాడేసి, వాడు మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు. తర్వాత తన వంకర హిందీలోనే చెప్పాడు.

"నా భార్య పోయిన రోజు, తల్లికి నిప్పు తాను పెడతానని నా కూతురు అడిగింది. నేను వద్దన్నాను."

అక్కడ ఆగాడు. తర్వాతి మాట కోసం తడుముకుంటున్నాడు. ఇంకో వాక్యం ఉంది. ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది, చిన్నప్పుడు అమ్మ ముందు తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా వాడు అలాగే సగంలో ఆగిపోయేవాడు. కానీ జనానికి ఆ మొదటి వాక్యమే సరిపోయింది. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత మైదానమంతా కొట్టింది. త్యాగీజీ మైకు లాక్కుని, "మాట మీద నిలబడటమంటే ఇదీ! సొంత ఇంట్లో కూడా వదలలేదు! రావ్ సాబ్ జిందాబాద్!" అన్నాడు. మా తమ్ముడు చేతులెత్తి ఆపబోయాడు. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. వాడు కుర్చీలో కూర్చుండిపోయాడు.

కారులో అడిగాను. "ఏం చెప్పబోయావురా సదా?"

"గుర్తులేదక్కా" అన్నాడు.

ఆ రాత్రి నుంచి వాడి పొగరు మాట బజారులో వినిపించలేదు. దండం పెట్టకపోవడమే వాడి గొప్పయింది. జనం దూరంగా నిలబడి, వాడి మైలని గౌరవిస్తూ, జై కొట్టి వెళ్లేవారు. మైల తీరింది, ఓట్లు పడ్డాయి, లెక్కపెట్టారు. పోయినసారి కంటే రెట్టింపు మెజారిటీతో గెలిచాడు. ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ చేతులు జోడిస్తూనే ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు కూడా కాసేపు అలాగే జోడించుకుని నిలబడటం నేను చూశాను.

సుభద్ర గోదావరి పిల్ల. అస్థికలు గోదాట్లోనే కలపాలని ముందే అనుకున్నాం. ఇంట్లో ఉంచరు కాబట్టి, ఎన్నికలయ్యేదాకా శ్మశానంలోని లాకర్లో పెట్టాం. గెలిచిన మర్నాడు కిరణ్మయే మమ్మల్ని కారులో అక్కడికి తీసుకెళ్లింది. గేటు బయట కారు ఆపి, తను దిగలేదు. నేనూ తనతోనే కూర్చున్నాను. తమ్ముడు ఒక్కడే లోపలికెళ్లి ఎర్రగుడ్డ కట్టిన కుండ తెచ్చాడు. తన వైపు సీట్లోకి ఎక్కలేదు. పిల్ల కిటికీ దగ్గరికొచ్చి, కుండని రెండు చేతులతో ముందుకు చాపాడు. నిన్న మెడలో వేసిన దండల గులాబీ రేకు ఒకటి వాడి చొక్కా కాలరుకి అంటుకుని ఉంది.

"నువ్వు కలుపమ్మా. మాతో కొవ్వూరు రా. నీ చేత్తోనే కలుపు. ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను."

ఒప్పుకుంటుందేమోనని ఆశపడ్డాను. ఒప్పుకోమని దాని మోచెయ్యి కూడా నొక్కాను. కిరణ్మయి కుండ వైపు చూసింది. తాకలేదు. కోపం కూడా లేదు.

"నేను అడిగింది నిప్పు పెడతానని కదా నాన్నా. అదైపోయింది."

బండి స్టార్ట్ చేసింది. వాడు చుట్టూ తిరిగొచ్చి కూర్చుని, కుండని ఒళ్లో పెట్టుకున్నాడు. స్టేషన్లో మమ్మల్ని దింపి, నా కాళ్లకి దండం పెట్టి, ఆఫీసుకి వెళ్లిపోయింది.

రైలు కదిలాక వాడి ఫోను మోగుతూనే ఉంది. ప్రతివాడికీ ధన్యవాద్, ధన్యవాద్ అన్నాడు. మధుర దాటాక ఫోను ఆపేసి, కుండ చుట్టూ చేతులు వేసుకుని, నా వైపు తిరిగాడు.

"అక్కా, నేను గెలిచానా?"

"గెలిచావురా" అని, శాలువా తీసి వాడి భుజాల మీద కప్పాను.